కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఈతకెళ్ళాలంటే: పవర్ గాగుల్స్ వాడాక నా రివ్యూ

కళ్ళజోడు పవర్‌తోనే వచ్చే ఈత గాగుల్స్, అదే పవర్ గాగుల్స్ అనేవి దొరుకుతాయని మా స్టాఫ్ రూమ్‌లోనే చాలామందికి తెలీదండి, సైట్ ఉంటే ఈత సంగతి ఇక మర్చిపోవాల్సిందే అనుకుంటున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నేను విజయవాడలో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కుడి కన్ను మైనస్ నాలుగు, దాని మీద సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చే పవర్) మైనస్ ఒకటి, ఎడమ కన్ను మైనస్ మూడున్నర. ఆన్‌లైన్లో తెప్పించుకున్నా, వెయ్యి రూపాయల లోపే పడింది. మామూలు గాగుల్స్ అంతకన్నా చాలా తక్కువకే వస్తాయి నిజమే కానీ నా మటుకు పెట్టిన ప్రతి రూపాయీ వసూలైంది.

మార్చిలో ఒంటిపూట బడులు పెట్టగానే సాయంత్రం లేడీస్ బ్యాచ్‌లో చేరిపోతాను. ఇవి కొనకముందు కళ్ళజోడు తీసి బ్యాగ్‌లో పెట్టానంటే అవతలి గట్టంతా సున్నం అలికినట్టు ఉండేది, కోచ్ చెయ్యి ఊపితే రమ్మంటోందో ఆగమంటోందో తెలిసేది కాదు, ఎదురొచ్చే మనిషి మీదకొచ్చేదాకా కనపడేది కాదు, గోడ మీద లోతు ఎన్ని అడుగులని రాశారో చూడాలంటే దాని దగ్గరికెళ్ళి మొహం పెట్టాల్సిందే. ఇప్పుడు ఆ చివరున్న గడియారంలో టైమ్ ఈ చివర్నుంచి చదువుతున్నా.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని దిగొచ్చు కదా అని అడుగుతారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. నీళ్ళల్లో అకాంతమీబా అని ఒక సూక్ష్మజీవి ఉంటుంది, అది లెన్సుకీ కంటికీ మధ్య చేరిందంటే కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, దెబ్బతిని చూపుకే ముప్పు. క్లోరిన్ వేసిన పూల్ అయినా ఆ భయం పూర్తిగా పోదు. లెన్సులతో నీళ్ళల్లో దిగొద్దనే కంటి డాక్టర్లు చెప్తారు.

ఇక ఇవి ఎలా పనిచేస్తాయో చెప్పకుండా ఉండలేను, పదో తరగతికి ఏటా చెప్పే వక్రీభవనం పాఠం మొత్తం ఇందులోనే ఉంది. గాలి వక్రీభవన గుణకం (రెండు పదార్థాల మధ్య ఈ అంకెలో తేడా ఎంత ఎక్కువుంటే కాంతి అంత ఎక్కువ వంగుతుంది) 1, నీళ్ళది 1.33, మన కార్నియాది దాదాపు 1.376. నీళ్ళకీ కార్నియాకీ తేడా అంత తక్కువ కాబట్టి నీళ్ళల్లో కళ్ళు తెరిస్తే కార్నియా కాంతిని వంచడం దాదాపు మానేస్తుంది, అందుకే సైట్ లేనివాళ్ళకి కూడా అంతా మసకే. గాగుల్స్ పెట్టుకుంటే కంటి ముందుకి మళ్ళీ గాలి వస్తుంది. పవర్ గాగుల్స్‌లో అయితే నీళ్ళు తగిలే బయటి వైపు చదునుగా ఉంచేసి పవరంతా లోపలి వైపు గుంటలో పెడతారు, దాంతో గట్టు మీదున్నా నీళ్ళల్లో మునిగినా పవర్ మారదు! ఇది చూసి నాకు ఎంత ముచ్చటేసిందో, స్కూలుకి తీసుకెళ్ళి పిల్లల్ని ముట్టుకుని చూడమన్నా కూడా. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, నీళ్ళల్లో ఏదైనా ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది, నాలుగడుగుల దూరంలో ఉన్న గోడ మూడడుగుల్లోనే ఉన్నట్టు ఉంటుంది, ఇది మామూలు గాగుల్స్‌కైనా అంతే, అలవాటైపోతుంది.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్తా. రెడీమేడ్‌గా దొరికేవి ఎక్కువగా అర పాయింటు తేడాతో వస్తాయి, వాటిలో సిలిండర్ ఉండదు. సిలిండర్‌లో సగం తీసుకుని అసలు పవర్‌కి కలుపుకోవాలి, అంటే నా కుడి కంటికి మైనస్ నాలుగుకి అర కలిపి నాలుగున్నర. లెక్క రెండు పవర్ల మధ్యలో ఎక్కడో ఆగితే తక్కువదే తీసుకోండి, ఎక్కువ మైనస్ పెడితే కంటికి శ్రమ, తలనొప్పి. సిలిండర్ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి ఈ లెక్కతో సరిగ్గా కుదరదు, ఆప్టికల్ షాపులో అడిగి ప్రత్యేకంగా చేయించుకోవడమే. ఇంకోటి, చాలా కంపెనీలవి రెండు కళ్ళకీ ఒకే పవర్‌తో వస్తాయి, నాలాగా తేడా ఉన్నవాళ్ళు కుడిదీ ఎడమదీ విడివిడిగా ఎంచుకునేవి చూసి కొనుక్కోండి. నాకు మొదట పంపిన అమ్మకందారు రెండూ ఒకే పవర్‌వి పెట్టి పంపారు, మార్చి ఇవ్వడానికి చాలా తిప్పించారు, కాబట్టి పార్సెల్ రాగానే లెన్సు అంచు మీద అంకె ఉందేమో చూసుకోండి.

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక మాట. మన బ్యాచ్ టైమ్ అయ్యేదాకా బెంచీ మీద కూర్చోవాలి కదా, ఆ కాసేపట్లో నేను నవల చదువుకుంటా. మైనస్ నాలుగున్న కంటికి కళ్ళజోడు లేకుండానే 25 సెంటీమీటర్ల దాకా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి, నా వయసువాళ్ళు చత్వారం వచ్చి చెయ్యి చాపి చదువుతుంటే నేను కళ్ళజోడు తీసేసి హాయిగా చదువుకుంటున్నా, హ్రస్వదృష్టి వల్ల ఉన్న మేలు ఇదొక్కటే. పూల్ దగ్గరకి మాత్రం కొత్త పుస్తకాలు తీసుకెళ్ళను, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో కొన్నవే, తడి వేళ్ళు తగిలినా బాధ ఉండదు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో అయితే పొద్దున్నుంచీ జవాబు పత్రాలు చూసి చూసి అక్షరమంటేనే విసుగొస్తుంది, అలాంటప్పుడు కూడా కాసేపు ఈదేసి బయటికొచ్చాక మళ్ళీ నాలుగు పేజీలు చదవాలనిపిస్తుంది, నాకు ఈత మీద ఇంత ప్రేమ అందుకే.

లోపాలూ ఉన్నాయి. ఆవిరి పట్టకుండా లోపల పూసిన పూత కొన్ని నెలలకే పోయింది, ఇప్పుడు రెండు మూడు రౌండ్లకోసారి ఆగి తీసి నీళ్ళతో కడుక్కోవాల్సి వస్తోంది. లోపలి వైపు వేలితో గానీ టవల్‌తో గానీ రుద్దితే ఆ పూత ఇంకా తొందరగా పోతుంది, ఈత అయ్యాక మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో స్కూటీ డిక్కీలో వదిలేయొద్దు, రబ్బరు పాడైపోతుంది. ముక్కు మీద వచ్చే ముక్క మార్చుకునే వీలున్నదే కొనండి, నాదాంట్లో మూడు సైజులిచ్చారు, చిన్నదే సరిపోయింది. కొనగానే స్ట్రాప్ వేసుకోకుండా ఒట్టి గాగుల్స్‌నే కళ్ళకి అదిమి చూడండి, కాసేపు అలా అంటుకుని నిలబడిందంటే మీ మొహానికి సరిపోయినట్టే. స్ట్రాప్ బిగించి నీళ్ళు ఆపుదామనుకుంటే కళ్ళ చుట్టూ నొప్పి తప్ప ఏం మిగలదు.

మైనస్ ఒకటి దాకా ఉన్నవాళ్ళకి మామూలు గాగుల్సే చాలు, డబ్బు దండగ. రెండు దాటితే మాత్రం ఇవే తీసుకోండి. ప్లస్ పవర్‌వి కూడా ఉన్నాయి కానీ తక్కువ దొరుకుతాయి, కాస్త వెతుక్కోవాలి.