మొదటి విదేశీ ప్రయాణం పేరుతో అమ్మే సరుకు: ఏది ఆదుకుంటుంది, ఏది బరువు

మొదటిసారి విదేశం వెళ్లేవాళ్ల కోసమని అమ్మే వస్తువులకు కొదవ లేదు. నడుముకు కట్టుకునే డబ్బు సంచి, కార్డులకు రేకు తొడుగు, తలుపు కింద పెట్టే అలారం, ఫిల్టరు ఉన్న నీళ్ల సీసా, అన్ని దేశాల ప్లగ్గులకూ పట్టే అడాప్టరు, విదేశీ కరెన్సీ ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు, వీటన్నిటి మీదా ట్రావెల్ ఇన్సూరెన్స్. కొన్ని నిజంగా ఆదుకుంటాయి. కొన్ని బ్యాగు బరువు పెంచుతాయి. ఒకటి రెండయితే లేని ప్రమాదాన్ని కొని తెచ్చిపెడతాయి. ఏది ఏ రకమో ధర చూసి చెప్పలేం. అందుకే ఇక్కడ బ్రాండ్ల ఊసు లేదు. వస్తువు చేసే పని, కొనేముందు చూడాల్సిన అంకెలు, ఎక్కడ దెబ్బతింటుంది అన్నవే ఉన్నాయి.

ముందు ఇన్సూరెన్స్. మిగతావి పని చేయకపోతే చిరాకు, ఇది పని చేయకపోతే అప్పు. అందరూ ప్రీమియం, కవరేజి మొత్తం చూసి కొనేస్తారు. చదవాల్సింది మినహాయింపుల పేజీ. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవరేజి అడుగుతారు. అది వీసాకు సరిపడే మొత్తమే గానీ అన్ని దేశాలకూ సరిపోయేది కాదు. అమెరికాలో కొద్దిరోజులు ఐసీయూలో ఉంటే అంతకు మించిన బిల్లు రావచ్చు. వైద్య ఖర్చుతో పాటు రోగిని వేరే ఊరికో, సొంత దేశానికో తరలించే ఖర్చుకు కూడా పాలసీలో కవరేజి ఉందా అన్నది చూడాలి. ఆ తర్వాత డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిములోనూ మొదట మన జేబు నుంచి పోయే భాగం. ప్రీమియం మరీ తక్కువగా కనిపించిందంటే ఈ డిడక్టబుల్ ఎక్కువగా ఉండొచ్చు.

క్లెయిములు తిరగ్గొట్టే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే. రోజూ బీపీ మాత్ర వేసుకుంటూ ఫారంలో జబ్బులేమీ లేవని టిక్కు పెట్టినవాళ్లకు గుండెనొప్పి బిల్లు డబ్బు వెనక్కి రాకపోవచ్చు. అద్దె స్కూటరు ఇంకో పెద్ద గొయ్యి. చేతిలో కారు లైసెన్సు మాత్రమే ఉండి స్కూటరు నడిపితే, హెల్మెట్ లేకపోతే, తాగి ఉంటే చాలా పాలసీలు చేతులెత్తేస్తాయి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో ద్విచక్ర వాహనం గడి మీద ముద్ర ఉండాలి. ఆ పర్మిట్ కూడా రోడ్డు ట్రాఫిక్‌పై దేశాల మధ్య కుదిరిన 1949 ఒప్పందం ప్రకారం ఒక రకం, 1968 ఒప్పందం ప్రకారం ఒక రకం ఉంటుంది కాబట్టి వెళ్లే దేశం ఏది ఒప్పుకుంటుందో ముందే తెలుసుకోవాలి. స్కూబా డైవింగుకు లోతు పరిమితి, ట్రెక్కింగుకు ఎత్తు పరిమితి రాసి ఉంటాయి. కుర్చీ మీద వదిలేసి వెళ్లిన బ్యాగు పోతే ‘కాపలా లేని సామాను’ కింద కొట్టేస్తారు.

వాడే పద్ధతి కూడా పాలసీ ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే చేరకముందే, అది కుదరకపోతే చేరిన వెంటనే, ఇన్సూరెన్స్ కంపెనీ సహాయ నంబరుకు ఫోను చేసి కేసు నంబరు తీసుకోవాలి. చిన్న చికిత్సలకు ముందు మనమే కట్టి తర్వాత రాబట్టుకోవడం మామూలు. అందుకు ఒక్క ముక్కలో మొత్తం రాసిన రసీదు చాలదు, దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు, డాక్టరు రిపోర్టు, మందుల చీటీ కావాలి. దొంగతనమైతే పోలీసు రిపోర్టు. చాలా పాలసీలు దానికి 24 గంటల గడువు పెడతాయి. విమానంలో సామాను రాకపోయినా, పగిలినా బెల్టు దగ్గర నుంచి బయటికి రాకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో రాయించి నంబరు తీసుకోవాలి. 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను పాడైతే అందిన 7 రోజుల్లో, ఆలస్యమైతే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

ఫారెక్స్ కార్డు మంచి వస్తువే, కానీ ఒంటరిగా నెట్టుకురాలేదు. కరెన్సీ నింపిన రోజు రేటే ఉండిపోతుంది, పోయినా అందులో ఉన్నంతే పోతుంది, అసలు ఖాతా జోలికి ఎవరూ రారు. ఇవి దాని మంచి గుణాలు. నింపిన కరెన్సీ కాక వేరే దేశంలో గీకితే మాత్రం కరెన్సీ మార్పిడి చార్జీ పడుతుంది. మిగిలిన డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు ఇంకో చార్జీ, ఏటీఎంలో మరొకటి. హోటల్లో డిపాజిట్ కోసం ఈ కార్డు ఇవ్వడం మాత్రం పొరపాటు. ఆ మొత్తాన్ని బ్లాక్ చేస్తారు, గది ఖాళీ చేశాక కూడా వదలడానికి రోజులు పడుతుంది, ఈలోగా చేతి ఖర్చుకు కటకట. కారు అద్దె సంస్థలయితే చాలాచోట్ల ప్రీపెయిడ్ కార్డును అసలు ఒప్పుకోవు. డిపాజిట్లకు క్రెడిట్ కార్డు, రోజువారీ ఖర్చుకు ఫారెక్స్ కార్డు, వేరే నెట్‌వర్కు (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) కార్డు ఇంకోటి వేరే సంచిలో, మొదటి రోజుకు సరిపడా స్థానిక నగదు. ఇదీ తట్టుకునే ఏర్పాటు.

ఏ కార్డయినా సరే, ఒక ప్రశ్న దగ్గర జాగ్రత్త. మెషీన్ ‘మీ దేశపు కరెన్సీలోనా, ఇక్కడి కరెన్సీలోనా’ అని అడుగుతుంది. ఎప్పుడూ ఇక్కడి కరెన్సీయే నొక్కాలి. సొంత కరెన్సీ నొక్కితే మార్పిడి రేటు ఆ మెషీన్ వెనకున్న సంస్థ పెడుతుంది, అందులో దాని లాభం కలిసే ఉంటుంది. ఏటీఎంలో ఇది ఇంకాస్త తెలివిగా వస్తుంది. ‘డిక్లైన్ కన్వర్షన్’ అనే బటన్ చూసి డబ్బు రాదేమోనని భయపడి ‘యాక్సెప్ట్’ నొక్కేస్తారు. డిక్లైన్ నొక్కితే రద్దయ్యేది మార్పిడి మాత్రమే, డబ్బు వస్తుంది. హోటల్లో వెయిటరు తనే నొక్కేసి చీటీ తెస్తే సంతకానికి ముందు అందులో ఏ కరెన్సీ ఉందో చూసి, రద్దు చేసి మళ్లీ గీకమని అడగొచ్చు.

కార్డుతో పాటు వచ్చే తలనొప్పి ఓటీపీ. ఇంటి సిమ్ తీసేసి స్థానిక సిమ్ వేసుకున్నవాళ్లకు ఓటీపీ అందదు. ఈసిమ్ (చిప్పు లేకుండా ఫోనులోకి ఎక్కించుకునే సిమ్) పట్టే ఫోనయితే ఇంటి సిమ్‌ను ఎస్సెమ్మెస్ రోమింగుతో ఉంచి, దాని డేటా రోమింగు ఆపేసి, డేటా ఈసిమ్ నుంచి తీసుకోవాలి. ఈసిమ్‌ను బయల్దేరే ముందే వైఫై మీద ఎక్కించుకోవాలి. అయితే కొన్ని ప్లాన్ల గడువు ఎక్కించిన క్షణం నుంచే లెక్కలోకి వస్తుంది, అది చూసుకోవాలి.

మందుల సంగతి. రెడీమేడ్ ఫస్ట్ ఎయిడ్ పెట్టెల్లో ఎక్కువగా ఉండేవి బ్యాండేజీలు, కత్తెర, పిన్నీసులు. ప్రయాణికులను ఎక్కువగా మంచాన పడేసేది విరేచనాలు. ఆ డబ్బుతో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొనడం నయం. లీటరు ప్యాకెట్ మీద మొత్తం 20.5 గ్రాములు, ఆస్మొలారిటీ (కరిగిన లవణాలు, చక్కెరల గాఢత) 245 అని ఉంటే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. అందులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9 గ్రాములు. ఎలక్ట్రోలైట్ డ్రింకులని అమ్మేవి చాలావరకు చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, వీటికి సాటి రావు. ఎక్కువమంది చేసే తప్పు లీటరు ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలిపేయడం. చిక్కబడిన ద్రవం పేగుల్లోకి ఇంకా నీటిని లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి, పిల్లలకైతే ఒంట్లో సోడియం ప్రమాదకరంగా పెరగొచ్చు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు.

లోపెరమైడ్ మాత్ర బస్సు ప్రయాణంలో విరేచనాలకు అడ్డుకట్ట వేస్తుందే గానీ జబ్బు నయం చేయదు. పెద్దలు మొదట 4 మిల్లీగ్రాములు, తర్వాత ప్రతి విరేచనానికీ 2, డాక్టరు చెప్పకుండా రోజుకు 8 దాటకూడదు. మలంలో రక్తం గానీ, జ్వరం గానీ ఉంటే ముట్టుకోకూడదు. డాక్టరు చెప్పకుండా పిల్లలకు ఇవ్వకూడదు.

దోమల మందుల్లో 20 నుంచి 30 శాతం డీట్ అనే రసాయనం గానీ, 20 శాతం ఇకారిడిన్ అనే రసాయనం గానీ ఉన్నదే కొనాలి. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కళ్లద్దాలు, గడియారం పట్టీ జాగ్రత్త. ఎండ క్రీము ముందు, దోమల మందు తర్వాత. సిట్రొనెల్లా వాసన వచ్చే చేతి పట్టీలు మాత్రం వద్దే వద్దు, పట్టీ చుట్టూ కాకపోయినా మిగతా ఒళ్లంతా దోమలదే.

రోజూ వేసుకునే మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, జెనెరిక్ పేరు (బ్రాండు కాక మందు అసలు పేరు) ఉన్న చీటీతో, చేతి సంచిలో పెట్టుకోవాలి. ఇంట్లో మామూలుగా వాడే మందే వెళ్లిన చోట నిషేధం కావచ్చు. జపాన్‌లో 10 శాతానికి మించి సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందులకు అనుమతి లేదు. ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడిగే దేశమైతే టీకా వేసిన 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. 2016 జులై 11 నుంచి జీవితకాలం చెల్లుబాటవుతుంది, మళ్లీ వేయించుకోనక్కర్లేదు.

ఫిల్టరు సీసాలు సీలు వేసిన నీళ్లు దొరికే నగరాలకు దండగ. కొండల్లోకి వెళ్లేవాళ్లకు పనికొస్తాయి, కానీ వాటి హద్దు తెలియాలి. 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రంధ్రాలున్న గొట్టాల ఫిల్టరు బ్యాక్టీరియాను, పరాన్నజీవులను ఆపుతుంది, వైరస్‌లను ఆపలేదు. తడిగా ఉన్నప్పుడు ఒక్కసారి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి, పైకి ఏమీ తెలియదు. చలి చోట్ల రాత్రి పడుకునేటప్పుడు పక్కలోనే పెట్టుకోవాలి. క్లోరిన్ డయాక్సైడ్ బిళ్లలు తేలిక, వైరస్‌లను కూడా చంపుతాయి, కానీ క్రిప్టోస్పొరిడియం అనే పరాన్నజీవి చావడానికి 4 గంటలు ఆగాలి. అన్నిటికంటే నమ్మకమైనది మరిగించడం. తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో 3 నిమిషాలు.

అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 వోల్టులని ఉంటుంది, వాటికి ఇబ్బంది లేదు. 230 అని మాత్రమే ఉన్న హెయిర్ డ్రయ్యర్ 110 వోల్టుల దేశంలో నీరసంగా తిరుగుతుంది, 110ది 230లో పెడితే కాలిపోతుంది. అన్ని దేశాల అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ పిన్ను ఉండదు. కొనేటప్పుడు ఫ్యూజు ఉందో లేదో, ఎన్ని ఆంపియర్లో చూడాలి. 8 ఆంపియర్లదైతే 110 వోల్టుల దగ్గర 880 వాట్లే మోస్తుంది. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే, చెక్‌ఇన్‌లో ఎప్పుడూ కాదు. విమానంలో ఒక్కో పవర్‌బ్యాంకుకు 100 వాట్-అవర్లు హద్దు, 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. లెక్క ఇలా: 20,000 ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1,000తో భాగిస్తే 74 వాట్-అవర్లు. అంకె చెరిగిపోయిన పవర్‌బ్యాంకును భద్రతా తనిఖీలో తీసేసుకోవచ్చు.

కార్డు వివరాలను దూరం నుంచే దొంగిలిస్తారన్న భయం చూపి అమ్మే రేకు తొడుగుల గురించి రెండు మాటలు చాలు. కాంటాక్ట్‌లెస్ కార్డు కొన్ని సెంటీమీటర్ల దూరానికే పలుకుతుంది, ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతం పంపుతుంది. కొనకండి. నడుము సంచి మంచిదే, అందులో పాస్‌పోర్టు, అదనపు కార్డు, అత్యవసర నగదు మాత్రమే ఉండాలి. టికెట్ కౌంటర్లో చొక్కా ఎత్తి అందులోంచి డబ్బు తీస్తే అది ఎక్కడుందో అందరికీ చూపించినట్టే. చెమటకు కాగితాలు తడుస్తాయి, లోపల ప్లాస్టిక్ కవరు వాడాలి.

తలుపు అలారం లోపలికి తెరుచుకునే తలుపుకే పని చేస్తుంది, నున్నటి టైల్స్ మీద జారిపోతుంది. తలుపు సందులో బిగించే అదనపు తాళం విషయంలో మాత్రం ఆలోచించాలి. మంటలు రేగితే చీకట్లో, పొగలో దాన్ని మనమే తీయాలి, బయటివాళ్లు మాస్టర్ కీతో కూడా లోపలికి రాలేరు.

చాలామంది కొననిది, కొనాల్సినది ఒకటుంది. అరచేతిలో పట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం. గ్యాస్ హీటరు, గీజరు, పొయ్యి ఉన్న అద్దె ఇళ్లలో, చలి దేశాల్లో దీని అవసరం. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, వికారం, మత్తు చూసి ప్రయాణ బడలిక అనుకుంటారు. కొనేటప్పుడు ఈ అలారాల యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ముద్ర, సెన్సారు గడువు తేదీ చూడాలి. ఎక్కడ పెట్టాలో మాన్యువల్లో ఉంటుంది, మూలకో పరదా వెనక్కో నెట్టకుండా పడుకునే గదిలోనే ఉంచాలి. వెళ్లిన మొదటి రాత్రే టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. అది మోగితే వెతుకుతూ కూర్చోకుండా అందరినీ లేపి ఆరుబయటికి వచ్చి, అక్కడి నుంచి స్థానిక అత్యవసర నంబరుకు ఫోను చేయాలి.