పాపం, లైంగికత, తీర్పు: ఆ ఆడియో బైబిల్ కోర్సు ఎలా ఉందంటే

యవ్వనస్థుల కోసమని అమ్ముతున్న ఒక ఆడియో బైబిల్ కోర్సు మొత్తం విన్నాను. ఐదుకి మూడు ఇస్తాను. పేరు చెప్పను, ఎందుకంటే ఇదే మూసలో వచ్చేవి చాలా ఉన్నాయి, వాటికీ ఈ మాటలే సరిపోతాయి.

మొదటి సగం నిజంగా బాగుంది. మోహపు చూపు గురించి యేసు అన్న మాట ఉంది కదా, మత్తయి 5:28, అది తీసుకుని, ఇక్కడ తప్పు చూసేవాడిదే, ఆ స్త్రీ బట్టల గురించి ఒక్క మాట కూడా లేదు, గమనించండి అన్నారు పాస్టర్ గారు. ప్రసంగాల్లో ఇంత సూటిగా వినపడటం అరుదు. పోర్న్ అలవాటు గురించి కూడా వినేవాళ్లని చిన్నబుచ్చకుండా మాట్లాడారు. యోహాను 8లో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ పాత ప్రతుల్లో చాలావాటిలో లేదని దాచకుండా చెప్పడం కూడా నచ్చింది. లేవీయకాండము 20:10 ప్రకారం ఇద్దరికీ శిక్ష పడాలి, మరి ఆ మగవాణ్ణి ఎందుకు తీసుకురాలేదు అని అడిగారు చూడండి, అక్కడ ఆపి మళ్లీ విన్నాను.

తీర్పు దగ్గరికి వచ్చేసరికి బండి పక్కదారి పట్టింది. బైబిల్లో దేవుని తీర్పుకు నాశనమైన ఊరు సొదొమ, ఆ పాఠమంతా సినిమాలు, ఫోన్లు, స్వలింగ సంపర్కులు, పాడైపోయిన లోకం, ఇదే గొడవ. యూదా పత్రిక 7వ వచనం చదివారు, సరే, అందులో లైంగిక పాపం గురించే ఉంది, కాదనను. మరి యెహెజ్కేలు 16:49 ఏమైంది? సొదొమ దోషం అంటూ అక్కడ చెప్పింది గర్వం, కడుపునిండా తిండి, ఏ చింతా లేని సుఖం, బీదలకు సాయం చేయకపోవడం. ఆ తర్వాతి వచనంలో హేయక్రియల మాట కూడా ఉంది, రెండూ చదివి ఉంటే వింటున్నవాడికి కాస్త టెన్షన్ పుట్టేది. ఇప్పుడేమో ఇది నా గురించి కాదులే అనుకుని హాయిగా తర్వాతి పాఠానికి వెళ్లిపోతాడు. బయటివాళ్లకు తీర్పు తీర్చడం నా పనా అని పౌలు అడిగిన 1 కొరింథీయులు 5 గానీ, తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందన్న 1 పేతురు 4:17 గానీ కోర్సులో ఎక్కడా లేవు. సంఘం లోపల జరిగే లైంగిక వేధింపుల మీద ఒక్క నిమిషం కూడా లేదు. నా మార్కులు ఎక్కువగా పోయింది ఇక్కడే.

ఇంకోటి, ప్రతిదానికీ క్రైస్తవం చెప్పేది ఇదే అనడం. గర్భనిరోధకాల సంగతే చూడండి, 1930 లాంబెత్ సమావేశంలో ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘం నుంచి వచ్చిన శాఖ) బిషప్పులు కొన్ని పరిస్థితుల్లో ఒప్పుకున్నారు, 1968లో కాథలిక్కుల పోప్ ఆరవ పౌలు కృత్రిమ పద్ధతులు కుదరవన్నారు. విడాకుల తర్వాత పెళ్లి మీద కూడా అందరిదీ ఒకటే మాట కాదు. ఆ ప్రశ్న ఎవరో అడిగితే ఒక వచనం చదివి దాటేశారు.

ఆడియో శుభ్రంగా ఉంది, స్పీడు మార్చుకోవచ్చు, రాతప్రతి మాత్రం ఇవ్వలేదు. యవ్వనస్థుల కూడికలో పెట్టాలనుకుంటే మొదటి సగం పెట్టండి, సొదొమ దగ్గర ఆపి యెహెజ్కేలు మీరే చదివించండి.