ఇంటర్ పిల్లల ఓటు నమోదు: కాలేజీలో క్యాంపా, ఊళ్లో బీఎల్వోనా, చేతిలో ఫోనా?

జనవరి 25 దగ్గర పడిందంటే హనుమకొండ, వరంగల్ కాలేజీల్లో ఓటర్ల దినోత్సవం హడావుడి మొదలవుతుంది. ర్యాలీ తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, చివర్లో కొత్త ఓటరుగా పేరు చేర్చుకునే దరఖాస్తు, ఫారం 6 కట్ట విప్పుతారు. ఆ కట్ట నింపించే లెక్చరర్లకూ, ఇంట్లో తల్లిదండ్రులకూ తేలాల్సింది ఒక్కటే. పిల్లల పేరు జాబితాకెక్కాలంటే ఏ దారిలో పోవాలి?

దానికంటే ముందు ఈ ఫారం ఎవరి కోసమో చూసుకోవాలి. హైస్కూల్లో పదో తరగతి పిల్లలకు ఫారం 6 పంచడం దండగ. వాళ్లకు ఇంకా వయసు రాలేదు. పదిహేడు నిండినవాళ్లు ముందస్తుగా పెట్టుకోవచ్చు కాబట్టి ఇది అసలుకు ఇంటర్ సెకండియర్ పిల్లల పని. ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 1989లో. చాలా ఏళ్లు జనవరి 1 నాటికి పద్దెనిమిది నిండిందా లేదా అన్న ఒక్క లెక్కే ఉండేది. ఫిబ్రవరిలో పుట్టిన పిల్ల ఏడాదంతా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, ఇలా నాలుగు తేదీలున్నాయి. ఏప్రిల్ 1న పుట్టినవాడికి ఏప్రిల్ 1 లెక్కలోకి వస్తుంది, మర్నాడు పుట్టినవాడు జూలై 1 దాకా ఆగాలి. ఒక్క రోజు తేడాకు మూడు నెలలు, ఏం చేస్తాం.

కాలేజీ క్యాంపు విషయానికి వద్దాం. దాని బలం ఊపు. ఒకరు రాస్తుంటే పక్కవాడూ రాస్తాడు. పదో తరగతి మెమో జిరాక్స్ కాలేజీ ఆఫీసులోనే దొరుకుతుంది, వయసుకు అది మంచి ఆధారం. ఆధార్‌లో జనవరి 1, మెమోలో జూన్ 14 అని ఉన్న పిల్లలు ప్రతి సెక్షన్‌లో దొరుకుతారు. ఆ తేడా ముందే పట్టుకోవడానికి క్యాంపును మించింది లేదు.

బలహీనత సాయంత్రానికి బయటపడుతుంది. ఒకే క్లాసులో నర్సంపేట, పరకాల, స్టేషన్ ఘన్‌పూర్, ములుగు, భూపాలపల్లి పిల్లలు ఉంటారు. అన్ని ఫారాలూ ఒకే కట్టలో పోతాయి. నిజానికి అవి వేర్వేరు నియోజకవర్గాల అధికారులకు, అక్కడి నుంచి ఏ పోలింగ్ బూత్ ఫారం ఆ బూత్ జాబితా చూసే బీఎల్వోకు (బూత్ స్థాయి అధికారికి) చేరాలి. పిల్లలకేమో తమ నియోజకవర్గం ఏదో తెలియదు. కమలాపూర్ పిల్లాడు మాది హనుమకొండ జిల్లా అంటాడు, నిజమే, కానీ ఓటు హుజూరాబాద్ నియోజకవర్గంలోకి వస్తుంది. వాజేడు, వెంకటాపురం వాళ్లది ములుగు జిల్లా, నియోజకవర్గం భద్రాచలం. జిల్లాలు మారాయి, నియోజకవర్గాల హద్దులు అలాగే ఉన్నాయి. దీనికి విరుగుడు చాలా తేలిక: క్యాంపు రోజున పిల్లలతో అమ్మదో నాన్నదో ఓటరు కార్డు ఫొటో ఫోన్‌లో తెప్పించండి. ఇంట్లో ఇప్పటికే ఓటున్న ఒకరి వివరాలు ఫారంలో ఎలాగూ అడుగుతారు. ఆ కార్డు నంబరు రాస్తే పిల్లలది ఏ బూత్ అన్నది దానంతటదే తేలిపోతుంది.

ఇంకొకటి, ఫారం అడుగున రసీదు ముక్క ఉంటుంది. తీసుకున్నవాళ్లు సంతకం పెట్టి, చింపి పిల్లల చేతికివ్వాలి. క్యాంపుల్లో నేను చూసినంతలో ఫొటోల మీద ఉన్న శ్రద్ధ ఈ ముక్క మీద ఉండదు. రెండు నెలల తర్వాత పేరు రాలేదని అడిగితే చూపించడానికి పిల్లల దగ్గర ఏమీ మిగలదు.

ఫోన్ దారిలో ఈ బెంగ లేదు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ నింపితే వెంటనే రెఫరెన్స్ నంబర్ వస్తుంది, దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఎప్పుడైనా చూసుకోవచ్చు. పిల్లలకు ఫోన్ కొత్తేం కాదు. తంటా రెండు చోట్ల. ఆధార్ ఓటీపీ అడిగితే అది నాన్న నంబర్‌కు పోతుంది, నాన్నేమో పత్తి చేనులోనో, సింగరేణి షిఫ్టులోనో ఉంటాడు. రెండోది పేరు. ఇంగ్లిష్‌లో టైప్ చేస్తుంటే పక్క గడిలో తెలుగు దానంతటదే పడుతుంది. శ్రీజ కాస్తా స్రీజ అవుతుంది, ఇంటిపేరు ముందుదో వెనకదో తెలియకుండా పోతుంది. తెలుగు గడిని చదివి చేత్తో దిద్దాకే ముందుకు పోవాలి. లేదంటే కార్డు వచ్చాక తప్పులు దిద్దించుకునే ఫారం 8తో మళ్లీ మొదలు. నెట్ సెంటర్‌లో చేయిస్తే ఇంకో జాగ్రత్త ఉంది, వాళ్ల నంబర్ కాకుండా మీ నంబర్ పెట్టించండి. ఫారానికి సర్కారు రుసుము ఏమీ లేదు, సెంటర్ వాళ్లు తీసుకునేది వాళ్ల పనికి మాత్రమే.

ఏ దారిలో పోయినా చివరికి విచారణ బీఎల్వో చేతిలోనే పడుతుంది. ఊళ్లలో ఈ పని చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరే చూస్తుంది. ఆమెకు ఫలానా వాళ్ల చిన్న బిడ్డ హనుమకొండలో చదువుతోందని తెలుసు. అడ్రసు వెతుక్కోవాల్సిన పని లేదు, ఇంట్లో తాళం ఉంటే పక్కింటి అక్కను అడుగుతుంది. పట్నంలో అలా కాదు. అద్దె ఇంటి తలుపు తట్టి, ఎవరూ పలకక, అడ్రసులో లేరని రాసి పోయే అవకాశమే ఎక్కువ. అందుకే ఊరి పిల్లల విషయంలో నా మొగ్గు బీఎల్వో వైపే. బతుకమ్మ, దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మెమో జిరాక్స్, ఆధార్ జిరాక్స్, ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో పట్టుకుని ఆమె దగ్గరికి పోతే పని అయిపోతుంది. కాకపోతే కొందరు బీఎల్వోలు నెలల తరబడి దొరకరు, దొరికినా ఎన్నికలు వచ్చినప్పుడు చూద్దాంలే అంటారు. అప్పుడు ఫోన్‌లో పెట్టి, రెఫరెన్స్ నంబర్ చూపించి అడగండి. ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

ఇక హాస్టల్ అడ్రసా, ఇంటి అడ్రసా? హాస్టల్లో ఉండి చదివేవాళ్లు కాలేజీ నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే హాస్టల్ అడ్రసు మీద కూడా ఓటు తీసుకోవచ్చు. రెండుచోట్ల మాత్రం కుదరదు, చట్టం ఒప్పుకోదు. భీమారం, హసన్‌పర్తి వైపు హాస్టళ్లలో ఉండే ఇంటర్ పిల్లలకు ఇది వద్దనే అంటాను. సెకండియర్ పరీక్షలు కాగానే పెట్టె సర్దుకుని పోతారు. కార్డు పోస్టులో వచ్చేసరికి గదిలో ఇంకొకరు ఉంటారు. తర్వాత ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకును బట్టి హైదరాబాదో, ఇంకెక్కడో. సర్పంచ్ ఎన్నికలు వచ్చినప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది: పంచాయతీ జాబితాకు ఆధారం అసెంబ్లీ జాబితానే, కాబట్టి పేరు హసన్‌పర్తిలో ఉంటే సొంతూళ్లో ఓటు లేనట్టే. వరంగల్ నిట్‌లో నాలుగేళ్లు ఉండే బీటెక్ పిల్లల లెక్క వేరు. బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లు పోలింగ్ కోసం రైలెక్కి ఇంటికి పోవడం జరిగే పని కాదు, వాళ్లు వరంగల్ పశ్చిమలో నమోదైతేనే ఓటు వేయగలుగుతారు.

కాలేజీ వాళ్లు క్యాంపు మానేయాలని కాదు. దాన్ని జనవరి నుంచి దసరా ముందుకు జరపాలి. ఆ రోజు ఫారాలు పోగేయకుండా పుట్టిన తేదీలు సరిచూడటం, నియోజకవర్గం చెప్పడం, జిరాక్సులు చేతికివ్వడం వరకు చేస్తే చాలు. సిటీ పిల్లలు అక్కడే ఫోన్‌లో పెట్టేస్తారు, లెక్చరర్ తెలుగు గడి ఒకసారి చూస్తే సరి. ఊరి పిల్లలు ఇంటికి పట్టుకుపోతారు. జనవరి వచ్చేసరికి ప్రాక్టికల్స్, వెంటనే పబ్లిక్ పరీక్షలు, ఆ టెన్షన్‌లో ఫారం ఎవరికీ గుర్తుండదు. ఎన్నికలు ప్రకటించాక చూద్దామంటే ఇంకా కష్టం. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో కొత్త పేరు చేర్చరు, దానికి ముందు ఇంటి విచారణకు కూడా కొన్ని రోజులు పడుతుంది.