వైఫై 6ఈ కార్డు కొంటున్నారా? పైన అతికించిన స్టిక్కర్‌ని నమ్మకండి

డెస్క్‌టాప్‌కి కొత్త వైఫై కార్డు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

మా రౌటర్ హాల్లో ఉంటుంది, కంప్యూటర్ లోపలి గదిలో. కేబుల్ లాగే వీలు లేదు. అంతకుముందు వాడిన చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో వీడియో కాల్ మధ్యలో తెగిపోయేది. అందుకని ఆన్‌లైన్‌లో ఒక పీసీఐఈ కార్డు, అంటే మదర్‌బోర్డు స్లాట్‌లో బిగించేది, తెప్పించాను. పెట్టె మీద ‘వైఫై 6ఈ’, ‘ఏఎక్స్210’, ‘5400 ఎంబీపీఎస్’ అని పెద్ద పెద్ద అక్షరాలు. 6ఈ అంటే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని కూడా అందుకునే వైఫై 6, ఏఎక్స్210 అనేది ఇంటెల్ వైఫై చిప్ మోడల్. కార్డుకి ఎర్రటి హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు పలక), రెండు యాంటెన్నాలు. బిగించగానే నెట్ వచ్చింది, కాల్స్ తెగడం ఆగింది. సంబరంగా ఐదు స్టార్లు ఇచ్చేశాను. ఆ రివ్యూ చూసి ఎవరైనా కొన్నారేమో అన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఆ కార్డు పనిచేస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. అప్పట్లో మా రౌటర్ వైఫై 5ది కాబట్టి, లింక్ స్పీడ్ (కార్డుకీ రౌటర్‌కీ మధ్య వేగం) 866.7 ఎంబీపీఎస్ చూపిస్తే ‘రౌటర్ ఇచ్చేది అంతే కదా’ అని సరిపెట్టుకున్నాను. రెండు నెలల తర్వాత 6ఈ రౌటర్ తెచ్చాం. ఫోన్‌లో 6 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ కనిపించింది, కంప్యూటర్‌లో కనిపించలేదు. విండోస్ 10లో అయితే అసలు కార్డుతోనూ అది రాదు, కానీ నాది 11. పోనీ 5 గిగాహెర్ట్జ్‌కి కలుపుదామంటే మళ్లీ అదే 866.7. సీపీయూని మోసుకెళ్లి రౌటర్ పక్కనే పెట్టినా ఆ అంకె కదల్లేదు. రెండు యాంటెన్నాల వైఫై 6 కార్డయితే 80 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో 1201 దాకా, 160లో 2402 దాకా వెళ్లాలి. 80లో 866.7 దగ్గర ఆగిపోయేది వైఫై 5.

అప్పుడు హీట్‌సింక్ స్క్రూలు విప్పాను. లోపలి చిన్న కార్డు మీద ఏఎక్స్210 స్టిక్కర్ కాస్త వంకరగా అతికించి ఉంది. అంచు గోటితో లేపితే దాని కింద ఇంకో స్టిక్కర్, దాని మీద 7260ఎన్‌జీడబ్ల్యూ అని ఉంది. అది 2013లో వచ్చిన వైఫై 5 చిప్. సెల్లర్‌ని అడిగితే రిటర్న్ గడువు దాటిందని, పైగా స్క్రూలు విప్పావు కాబట్టి వారంటీ కూడా చెల్లదని చెప్పాడు. నిజానికి అది తెలుసుకోవడానికి స్క్రూలు విప్పే పనే లేదు.

కార్డు బిగించిన రోజే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్‌కి వెళ్లి, మీ కార్డు ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. ‘డెవ్’ తర్వాత నాలుగు అక్షరాలు ఉంటాయి. అసలు ఏఎక్స్210కి అవి 2725, ఏఎక్స్200కి 2723. నా దాంట్లో 08బీ1 ఉంది. పైన కనిపించే పేరు చూసి ఊరుకోవద్దు, ఎందుకంటే ఆ పేరు డ్రైవర్ ఫైలు నుంచి వస్తుంది, ఐడీ మాత్రం చిప్‌ నుంచే వస్తుంది. పెట్టెలో వచ్చిన సీడీ జోలికి పోకుండా డ్రైవర్‌ని చిప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే దించుకోండి.

ఆ 5400 కూడా కంటికి గంతలు కట్టే అంకే. మూడు బ్యాండ్లవి 574, 2402, 2402 కలిపి కూడితే 5378 వస్తుంది, దాన్నే 5400 చేసి రాస్తారు. ఈ కార్డు ఒకసారికి ఒక్క బ్యాండ్‌నే వాడుతుంది, అంటే అసలుదైనా 2402 దాటదు.

ఇంకో జాగ్రత్త. ఏఎక్స్211 అని కనిపిస్తే 210 కంటే కొత్తది కదా అని తీసుకోకండి. అది మదర్‌బోర్డులో సీఎన్‌వీఐ (వైఫై పనిలో కొంత ప్రాసెసర్ వైపే జరిగే ఇంటెల్ పద్ధతి) సదుపాయం ఉన్న ఇంటెల్ సిస్టమ్‌లలోనే పనిచేస్తుంది, మామూలు పీసీఐఈ స్లాట్‌లో పెడితే అసలు గుర్తించదు. బ్లూటూత్ కావాలంటే కార్డు నుంచి వచ్చే చిన్న కేబుల్‌ని మదర్‌బోర్డు మీది 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కి తగిలించాలి. అది ఖాళీగా ఉందో లేదో ముందే చూసుకోండి.

నా రివ్యూ మార్చేసి, ఆ 08బీ1 కనిపించే స్క్రీన్‌షాట్ జత చేశాను. ఈమధ్య కొన్నవాళ్లు రిటర్న్ గడువు ఇంకా ఉండగానే, ఈరోజే ఐడీ చూసుకోండి.