గండికోటలో నేర్చుకుని పాలోలెం సముద్రంలోకి: అనంతపురం నుంచి మా కయాకింగ్ ట్రిప్

సముద్రంలో కయాకింగ్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో తిరగడం) చేయాలనుకునే మన సీమవాళ్లు ముందు గండికోటకు పోండి. మైలవరం డ్యామ్ వల్ల పెన్నా నీళ్లు ఆ లోయలో నిలిచి ఉంటాయి, అలల భయం లేదు, తెడ్డు పట్టడం, బోల్తా పడితే మళ్లీ ఎక్కడం అక్కడే అలవాటు చేసుకోవచ్చు. "చేతులతో లాగితే అర్ధగంటకే భుజాలు పోతాయన్నా, నడుము తిప్పండి" అని నేర్పిన అబ్బాయి చెప్పిన మాట గోవాలో ప్రతిపూటా పనికొచ్చింది. బసకు హరిత హోటల్ మేలు, టెంట్ల దగ్గర శనివారం రాత్రి పాటల హోరుకు నిద్ర పట్టదు.

ఇక సముద్రం. మన ఆంధ్రా తీరం చాలాచోట్ల తిన్నగా, అడ్డం లేకుండా ఉంటుంది, అల నేరుగా వచ్చి ఒడ్డున విరుగుతుంది, కొత్తవాళ్లకు కయాక్‌ను నీళ్లలోకి దింపడమే కష్టం. మా బావ అండమాన్ అన్నాడు కానీ విమానం టికెట్లకే డబ్బంతా అయిపోయేలా ఉంది. అందుకే దక్షిణ గోవాలోని పాలోలెం. చంద్రవంకలా వంగిన ఒడ్డు, రెండు కొసల్లో రాళ్లగుట్టలు, ఉత్తరం కొసన చిన్న దీవి, దాని పక్కనే మడచెట్ల మధ్యకు పోయే పాయ. గాలి లేచిన రోజు ఆ పాయలోకి పోతే చాలు. గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మడ్గావ్‌లో దిగితే పాలోలెం పక్కనున్న కానకోనకు బస్సులుంటాయి. ఆ రైలు రోజూ ఉండదు, తేదీలు దాన్ని బట్టే పెట్టుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, వానాకాలంలో ఆ సముద్రం జోలికి పోవద్దు.

అద్దెకిచ్చేవి ఎక్కువగా పైన కూర్చునే ప్లాస్టిక్ కయాక్‌లు. తిరగబడినా నీళ్లు నిండవు, మళ్లీ ఎక్కడం సులువు కాబట్టి మనలాంటి వాళ్లకు అవే సరి. ఒకచోట ఇచ్చిన లైఫ్ జాకెట్ బకిల్ విరిగి ఉంది, మార్చమంటే "ఏం కాదు సార్" అన్నాడు, వెంటనే పక్కవాడి దగ్గరికి పోయాం. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, బేరం అసలే వద్దు.

పొద్దున్నే నీళ్లు అద్దంలా ఉంటాయి కానీ నేల మీది గాలి మెల్లగా సముద్రం లోపలికి తోస్తుంటుంది, పోయేటప్పుడు ఎంత హాయిగా ఉంటుందో తిరిగొచ్చేటప్పుడు అంత కష్టం. ఓపిక సగం ఉండగానే వెనక్కి తిప్పాలి. మధ్యాహ్నం గాలి సముద్రం వైపు నుంచి తిరిగి అలలు లేస్తాయి, అప్పటికి ఒడ్డున ఉండాలి. బటర్‌ఫ్లై బీచ్‌కు పోవాలంటే గుట్ట చుట్టూ తిరిగి బయటి సముద్రంలోకి రావాలి, గైడ్ లేకుండా పోకండి. మేం గైడ్‌కు పెట్టిన డబ్బు ట్రిప్ మొత్తంలో బాగా ఖర్చుపెట్టిన డబ్బు.

బసకు పక్కనున్న పట్నెం బీచ్ ప్రశాంతంగా ఉంటుంది. అయినా తెల్లారేసరికి నీళ్లలో ఉండాలనుకుంటే పాలోలెం ఉత్తరం కొసన గుడిసె తీసుకోండి. డిసెంబర్ చివరి వారం మాత్రం వద్దు, రేట్లు మండిపోతాయి, పైగా మోటారు పడవల రద్దీలో కయాక్ నడపాలంటే టెన్షనే.