పిత్తాశయ ఆపరేషన్‌లో ఐసీజీ కాంతి మేలా, కంప్యూటర్ చూపు మేలా?

గుంటూరు కొత్తపేటలో ల్యాపరోస్కోపీ చేసే మిత్రులూ, మా దగ్గర శిక్షణ పొందుతున్న పీజీ విద్యార్థులూ కొంతకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. కొత్త కెమెరా కొనేటప్పుడు ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందు) కాంతిని చూపగలిగేది తీసుకోవాలా, లేక వీడియోను చదివి అవయవాలను రంగులతో గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టాలా అన్నది వారి సందేహం.

సిస్టిక్ డక్ట్ (పిత్తాశయాన్ని ప్రధాన పిత్తనాళంతో కలిపే సన్నని గొట్టం) అనుకుని ప్రధాన పిత్తనాళానికే క్లిప్పు వేసే ప్రమాదం ఎక్కువగా కన్ను మోసపోవడం వల్లనే జరుగుతుంది. కనుక తెర మీది గుర్తు దేని ఆధారంగా వస్తున్నదో చూసి నిర్ణయించుకోవాలని నేను భావిస్తాను.

రక్తంలోకి ఎక్కించిన ఐసీజీని కాలేయం పిత్తంలోకి విసర్జిస్తుంది. సుమారు 800 నానోమీటర్ల సమీప పరారుణ కాంతి పడగానే ఆ పిత్తం వెలుగుతుంది. నాళం పుట్టుకతోనే దారి తప్పి వచ్చినా, ఆ రోగి ఒంట్లో పిత్తం ఎక్కడుందో అక్కడే వెలుగు కనిపిస్తుంది. కంప్యూటర్ మాత్రం నేర్చుకున్న వీడియోలను బట్టి అంచనా కడుతుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ పరిశోధనకు ఎంతో తోడ్పడిన, 2016లో ఫ్రాన్స్ పరిశోధకులు అందించిన కోలెక్80 అనే పిత్తాశయ ఆపరేషన్ వీడియోల సంకలనంలో ఉన్నవి 80 ఆపరేషన్లే. నేర్చుకున్న వాటిలో లేని అరుదైన అమరిక ఎదురైతే అది తప్పుచోట రంగు వేయవచ్చు; కొవ్వు కింద దాగిన నాళం దానికి కనబడనే కనబడదు.

అయితే ఐసీజీ వెలుగు కూడా కొన్ని మిల్లీమీటర్ల లోతుకే పరిమితం, వాపు ముదిరితే మసకబారుతుంది. బల్ల మీద పడుకోబెట్టాక ఇస్తే కాలేయమంతా మెరిసి నాళం అందులో కలిసిపోతుంది కాబట్టి, కొన్ని గంటల ముందే ఇవ్వడం మంచిది. తెనాలి, సత్తెనపల్లి వైపు నుంచి వచ్చేవారిని మేము ముందురోజు సాయంత్రమే చేర్చుకునేది ఇందుకే. అయోడిన్ పడనివారి విషయంలో జాగ్రత్త అవసరం.

కంప్యూటర్ చూపు నిజంగా అక్కరకొచ్చేది క్లిప్పు వేసే ముందు. సిస్టిక్ డక్ట్, ప్రధాన పిత్తనాళం, కాలేయం మధ్యనుండే త్రికోణంలోని కొవ్వు పూర్తిగా తొలగిందా, పిత్తాశయం కింది భాగం కాలేయం నుంచి విడివడిందా, పిత్తాశయంలోకి వెళ్తున్నవి రెండే నిర్మాణాలా (సిస్టిక్ డక్ట్, దాని పక్కనుండే ధమని) అని 1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్ వివరించిన మూడు షరతులను అది అలసట లేకుండా సరిచూడగలదు. నాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే కొలాంజియోగ్రామ్ కూడా నమ్మదగినదే, కానీ నాళంలోకి గొట్టం దూర్చాలి, సమయం పడుతుంది.

ఒక్కదానికే డబ్బున్నవారిని ముందుగా ఐసీజీ కెమెరానే కొనమంటున్నాను. సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఆ మూడు షరతులను క్లిప్పుకు ముందు పీజీ విద్యార్థి పైకి చదవాలని మా థియేటర్‌లో నియమం పెట్టుకున్నాము.