శ్రీకాకుళం వైపు మోడిఫైడ్ హాచ్‌బ్యాక్ కొనేవాళ్లు జాగ్రత్త, ముందు ఆయిల్ బిల్లు అడగండి

మాది విజయనగరం. నెల కిందట శ్రీకాకుళంలో ఒక సెకండ్ హ్యాండ్ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసి పవర్ పెంచే పార్టు) ఉన్న పెట్రోల్ హాచ్‌బ్యాక్‌ని 4 లక్షల 60 వేలకు కొని మోసపోయాను. మోడల్ పేరు రాయడం లేదు. తప్పు కారుది కాదు, అమ్మిన మనిషిది.

పోలో జీటీ, అబార్త్ పుంటో, బలెనో ఆర్‌ఎస్ లాంటి స్పీడు హాచ్‌బ్యాక్‌లు ఇప్పుడు కొత్తవి దొరకవు. అందుకే స్పీడు కారు ఇష్టపడే కుర్రాళ్లందరం పాత బళ్ల మీదే పడుతున్నాం. ఆ ఆశే అమ్మేవాళ్లకు కలిసొస్తోంది.

బావని వెంటబెట్టుకుని డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర కారు చూశాను. కొత్త అల్లాయ్ వీల్స్, బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగ్స్, మార్చిన ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే దారి), డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే పైపు), స్టేజ్ టూ రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం). అన్నింటికీ బిల్లులు అమ్మేవాడు ఒక ఫైల్లో వరసగా పెట్టి చూపించాడు. "కన్నబిడ్డలా చూసుకున్నాను తమ్ముడూ" అన్నాడు. ఆ ఫైలు చూసి పడిపోయాను. పార్టుల బిల్లులు లక్షన్నర దాకా ఉన్నాయి, ఇంజిన్ ఆయిల్ మార్చిన బిల్లు ఒక్కటీ లేదు. ఆ సంగతి నాకు ఇంటికొచ్చాక తట్టింది. బండికి సోకులు చేయించడం వేరు, బండిని చూసుకోవడం వేరు. టర్బో బతికేదే ఆయిల్ మీద. రీమ్యాప్ చేసి బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచిన బండికైతే కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే ఆయిల్ మార్చాలి.

మేం వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంది. మా కోసం ముందే స్టార్ట్ చేసి ఉంచానన్నాడు, నమ్మాం. రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజిన్‌ని మన ఎదురుగానే స్టార్ట్ చేయించి ఉంటే, సైలెన్సర్‌లోంచి నీలం పొగ అప్పుడే కనబడేది.

పన్నెండో రోజు అరసవల్లి దర్శనం చేసుకుని తిరిగొస్తున్నాం. రణస్థలం దాటాక చెక్ ఇంజిన్ లైటు వెలిగి, పవర్ పూర్తిగా పడిపోయింది. హైవే మీద వెనకాల లారీలు హారన్ కొడుతుంటే, భార్యనీ పాపనీ పెట్టుకుని నాతవలస జంక్షన్ దాకా ఎడమ అంచునే పాక్కుంటూ వచ్చాను. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

మర్నాడు మా మెకానిక్ స్కానర్ పెట్టాడు. ఇంజిన్‌లో లోపం వస్తే బండి కంప్యూటర్ రాసుకునే ఎర్రర్ కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో తెలుస్తుంది. 412 అని చూపించింది. కొన్న దగ్గర్నుంచి నేను నడిపింది 396. అంటే మాకు చూపించే ముందే కోడ్లు చెరిపేశాడు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పితే లోపలంతా ఆయిల్. "సూసుకోకుండా కొనీసినావేటి బాబూ, టర్బో అయిపోయింది" అన్నాడు మెకానిక్. ఖర్చు లక్షా పది వేలు. ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు ఇచ్చి అడిగితే, 2022లో చివరి సర్వీసు నాటికే 71,200 కిలోమీటర్లు అని ఉంది. ఇప్పుడు మీటర్లో ఉన్నది 58 వేలు.

ఇంకో తలనొప్పి ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించాక, ఓనరుకి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఓనరంటే ఇప్పుడు నేనే. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పని మార్పులుంటే యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గరా పేచీ వస్తుంది. పోనీ అన్నీ తీసేసి మామూలుగా చేద్దామంటే, డౌన్‌పైప్ వేసినప్పుడు తీసిన ఒరిజినల్ క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించే పార్టు) నా దగ్గర లేదు. నాకు కారు అమ్మినవాడికి ఫోన్ చేస్తే దాన్ని అమ్మేశానన్నాడు, "ఫారం 29, 30 (బండి ఓనరు పేరు మార్చే ఫారాలు) మీద సంతకాలయ్యాక నాకు సంబంధం లేదు" అని పెట్టేశాడు. కాబట్టి మోడిఫైడ్ బండి కొంటే, తీసేసిన ఒరిజినల్ పార్టులు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఇదంతా ఇప్పుడే రాయడానికి కారణం, నిన్న తెలిసిన కుర్రాడొకడు ఇదే మనిషి దగ్గర నల్ల హాచ్‌బ్యాక్ చూశానని చెప్పాడు. అదే ఫైలు, అదే కన్నబిడ్డ మాట. టోకెన్ అడ్వాన్సుగా 10 వేలు ఫోన్‌పే చేయమన్నాడట. మీకూ ఆ నల్ల కారు చూపిస్తే, పైసా పంపకముందే బండి నంబరుతో సర్వీసు రికార్డు తీయించండి.